పాడైన సెకండ్ హ్యాండ్ లెన్స్: బాగుచేయించాలా, వేరేది కొనాలా?

లెన్స్ కింద పడితే, చేతిలోకి తీసుకున్న వెంటనే ఎవరైనా చేసే పని జూమ్ రింగ్ తిప్పి చూడడం. అది మాత్రం చేయకండి. లోపల ఒక స్క్రూ ఊడి గాడిలో ఇరుక్కుని ఉంటే, ఆ ఒక్క తిప్పుతో పక్కనున్న పల్చటి రిబ్బన్ లాంటి ఫ్లెక్స్ కేబుల్ తెగిపోవచ్చు. స్క్రూ బిగిస్తే సరిపోయే లెన్స్ కాస్తా కేబుల్ మార్చాల్సిన లెన్స్ అవుతుంది. ముందు కెమెరా ఆఫ్ చేయండి, బ్యాటరీ తీయండి, లెన్స్‌ని కెమెరా నుంచి విడదీసి ముందూ వెనకా మూతలు పెట్టండి.

కళింగపట్నంలోనో బారువలోనో ఇసుకలో పడితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. లెన్స్ మూతి కిందికి వంచి పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి, మెత్తటి బ్రష్‌తో రింగుల సందుల్లో దులపండి. రింగ్ కింద కరకరమని చప్పుడొస్తే అక్కడితో ఆపేయండి. సముద్రపు నీళ్లు తగిలితే, మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో పైపైన తుడిచి, పూర్తిగా ఆరేదాకా కెమెరాకు తగిలించకండి. ఆరబెట్టడానికి బియ్యం డబ్బాలో పెట్టమని చాలామంది చెబుతారు. దానివల్ల తవుడు పొడి లెన్స్ లోపలికి పోవడం తప్ప పెద్ద ప్రయోజనం ఉండదు. మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పాటు పెట్టండి.

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది చేతుల్లో ఉన్నవి సెకండ్ హ్యాండ్ లెన్సులే. స్టూడియోవాళ్లు మిర్రర్‌లెస్‌కి (లోపల కదిలే అద్దం లేని కొత్త తరం కెమెరాలకి) మారుతూ అమ్మేసినవి, తెలిసినవాళ్ల దగ్గర వాయిదాల్లో తీసుకున్నవి. బిల్లు ఉండదు, వారంటీ ఉండదు. పాడైతే ఒకరు "పడేసి వేరేది కొనుక్కో" అంటారు, ఇంకొకరు "వైజాగ్‌లో ఇస్తే బాగైపోద్ది" అంటారు. రెండూ లెన్స్‌ని చూడకుండా చెప్పే మాటలే. ఏం పాడైందో తేలేదాకా డబ్బు గురించి ఆలోచించకండి. తేలాక మాత్రం మొహమాటం లేకుండా డబ్బు లెక్క వేయండి. లోపలి అద్దం దెబ్బతింటే రిపేరు చాలాసార్లు దండగ. మోటారో, కేబులో, మౌంటో (కెమెరాకి తగిలించే వెనక రింగు) పోతే బాగుపడే అవకాశం ఎక్కువ. పైన పడ్డ సొట్టకైతే ఏమీ చేయించనక్కర్లేదు. ఈ మూడింటిలో మీది ఏదో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక సాయంత్రం చాలు.

పోయింది లెన్సేనా?

మీ లెన్స్‌ని అదే మౌంట్ ఉన్న ఇంకో బాడీకి, అంటే ఇంకో కెమెరాకి, పెట్టి చూడండి. తర్వాత ఇంకో లెన్స్‌ని మీ బాడీకి పెట్టి చూడండి. రెండు పరీక్షలూ చేయాలి, ఒక్కటి సరిపోదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరం గంటస్తంభం దగ్గరో తెలిసిన స్టూడియో ఒకటి ఉండే ఉంటుంది. "అన్నా, రెండు నిమిషాలు నీ బాడీ ఇస్తావా, లెన్స్ చూసుకోవాలి" అని అడిగితే కాదనరు. ముహూర్తాలు లేని రోజు చూసుకుని వెళ్లండి.

కెనాన్ కెమెరాలో "ఎర్రర్ 01" వస్తే లెన్స్‌కీ బాడీకీ మధ్య మాట కలవడం లేదని అర్థం. లెన్స్ వెనక వరసగా కనిపించే బంగారు రంగు కాంటాక్టులను, బాడీ లోపలి పిన్నులను నూలు రాలని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క అద్ది తుడవండి. గరుకు కాగితం, బ్లేడు వాడకండి, పైనున్న పూత లేచిపోతుంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఈ తుడుపుతోనే కొన్ని లెన్సులు లేచి కూర్చుంటాయి.

నికాన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. డి3500, డి5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. 50 ఎం.ఎం. ఎఫ్ 1.8డి లాంటి, లోపల మోటారు లేని పాత ఏఎఫ్-డి లెన్స్ వాటికి పెడితే ఆటోఫోకస్ అసలు కదలదు. అదే లెన్స్ డి7000 వరస బాడీకి పెడితే చక్కగా తిరుగుతుంది. దీనికి తిరగేసిన సమస్య కొత్త రకం మోటారున్న ఏఎఫ్-పీ లెన్సులది. డి90, డి5100 లాంటి పాత బాడీల మీద అవి ఫోకస్ కావు. ఇలాంటివి కొన్నాక "మోసపోయాను, మోటారు పోయిన లెన్స్ అంటగట్టాడు" అని బాధపడి రిపేరుకి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. అక్కడ పాడైందేమీ లేదు, జోడీ కుదరలేదంతే. అలాగే లెన్స్ పక్కనున్న ఏఎఫ్-ఎంఎఫ్ (ఆటోఫోకస్, చేతి ఫోకస్) స్విచ్ ఎటుందో చూడండి. కెమెరాతో పాటే వచ్చే కొన్ని కిట్ లెన్సుల్ని బటన్ నొక్కి జూమ్ రింగ్ తిప్పి బయటికి తీస్తేగానీ ఫొటో తీయనివ్వవు. అదీ చూసుకోండి.

టార్చి వేసి అద్దం చూడడం

ఇది తొందరపడకుండా చేయాల్సిన పని. రాత్రి గదిలో లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చి వెలిగించండి. లెన్స్ మూతలు రెండూ తీయండి. కెనాన్ ఈఎఫ్ (డీఎస్‌ఎల్‌ఆర్ రకం) లెన్స్ కెమెరా నుంచి తీసి ఉన్నప్పుడు ఎపర్చర్, అంటే వెలుగుని ఎక్కువ తక్కువ చేసే రేకుల కన్నం, తెరుచుకునే ఉంటుంది. ఎక్కువ శాతం నికాన్ లెన్సుల్లో మూసుకుని ఉంటుంది. వెనక మౌంట్ లోపల ఒక చిన్న మీట కనిపిస్తుంది, దాన్ని వేలితో మెల్లగా జరిపి పట్టుకుంటే రేకులు తెరుచుకుంటాయి. టార్చిని వెనక నుంచి కాస్త పక్కవాటుగా వేసి, ముందు అద్దం వైపు నుంచి చూడండి. వెలుగు నేరుగా కంట్లో పడకూడదు. లెన్స్‌ని మెల్లగా అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒక్కో అద్దం పొరా విడివిడిగా కనిపిస్తుంది.

మొదట కనిపించేది దుమ్ము. టార్చి వెలుగులో ప్రతి పాత లెన్సూ నక్షత్రాల ఆకాశంలా ఉంటుంది. కంగారు పడకండి, ఫొటోలో ఇది కనిపించదు. దుమ్ము కోసం లెన్స్ విప్పించడం అంటే బాగున్నదాన్ని చెడగొట్టుకోవడమే.

సాలెగూడు పోగుల్లా, ఒక చోట మొదలై చుట్టూ చీలికలుగా పాకినట్టు కనిపిస్తే ఫంగస్. మన తీర ప్రాంతపు ఉక్కలో, వానాకాలంలో ఇది లెన్సులకు పెద్ద శత్రువు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు చెమ్మెక్కిన గోడకి ఆనించిన బీరువాలో, లెదర్ సంచిలో చుట్టి పెట్టిన లెన్స్‌కి ఫంగస్ పట్టకపోతేనే ఆశ్చర్యం. పోగులు అన్నిటికన్నా ముందున్న అద్దం మీదో, అన్నిటికన్నా వెనకున్న అద్దం మీదో ఉంటే మెకానిక్ విప్పి తుడవగలడు. మధ్యలో, రెండు అద్దాలు అతికించిన చోట ఉంటే చేయి పోదు. తుడవగలిగిన చోట కూడా, చాలాకాలం ఉండిపోయిన ఫంగస్ అద్దం పూతని తినేస్తుంది. పోగులు పోయినా మచ్చ ఉండిపోతుంది. ఎండలో పెడితే మచ్చ పోతుందనేది నమ్మకండి. పైగా ఎండ వేడికి లోపలి గ్రీజు కరిగి ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది.

ఫంగస్ ఉందని తేలినంత మాత్రాన లెన్స్ పనికిరాదని కాదు. ట్యూబ్‌లైట్ ఫ్రేము అంచుకి కాస్త బయట ఉండేలా నిలబడి, ఎదుటి మనిషిని ఫొటో తీయండి. అదే ఫొటో బాగున్న లెన్స్‌తో తీసి పక్కపక్కన పెట్టండి. మీ లెన్స్ ఫొటోలో నలుపు బూడిద రంగుకి దిగి, పొగమంచు పట్టినట్టు ఉంటే రిసెప్షన్ స్టేజీ మీద ఎదురు లైట్లలో ఆ లెన్స్ పని చేయదు. తేడా కనిపించకపోతే ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు. మిగతా లెన్సులతో ఒకే డబ్బాలో మాత్రం పెట్టకండి. ఒక చిన్న తేమ మీటరు కొని, డబ్బాలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా సిలికా జెల్ మారుస్తూ ఉండండి.

పాలు కలిపినట్టు తెల్లటి పొర మొత్తంగా ఉంటే అది ఆవిరయిన నూనె పొర. చాలావరకు తుడిస్తే పోతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగులు, వెండి మరకలు కనిపిస్తే అతికించిన అద్దాలు విడిపోతున్నాయని అర్థం. దాన్ని బాగుచేయించే ఖర్చుకి మామూలు లెన్స్ ఏదీ తూగదు, వేరేది చూసుకోండి. గీతల విషయంలో, ముందు అద్దం మీది చిన్న గీత ఫొటోకి పెద్దగా అడ్డు రాదు. వెనక అద్దం మీది గీత అలా కాదు, సెన్సర్‌కి దగ్గర కాబట్టి దాని ప్రభావం ఎక్కువ.

ముందు అద్దం పగిలిపోయిందని గుండె జారిపోయేవాళ్లకి ఒక మాట. లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ (రక్షణ అద్దం) పెట్టి ఉంటే పగిలింది ఫిల్టర్ మాత్రమే కావచ్చు. విజయనగరంలో సిరిమానోత్సవం నాడు ఆ తొక్కిడిలో, సిరిమాను వైపు విసిరే అరటిపండ్ల మధ్య కెమెరా పైకెత్తి పట్టుకునేవాళ్లకి ఇది అనుభవమే. లెన్స్ మూతి నేలవైపు ఉంచి, గాజు ముక్కలు కిందికి రాలేలా తట్టి, ఆ తర్వాతే ఫిల్టర్ తిప్పి తీయండి. ముక్కలు ఉండగా గుడ్డతో తుడిస్తే అసలు అద్దం గీసుకుపోతుంది. రింగు సొట్టపోయి ఫిల్టర్ రాకపోతే బలవంతం చేయకండి. రింగు సరిచేసే పనిముట్టు మెకానిక్ దగ్గర ఉంటుంది, నిమిషాల పని.

యంత్రం సంగతి

ఎపర్చర్‌తో మొదలుపెట్టండి. ముందు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ 3.5 లాంటి అతి చిన్న నంబరు దగ్గర ఒక ఫొటో తీయండి. తర్వాత ఎఫ్ 8 దగ్గర, ఎఫ్ 16 దగ్గర తీయండి. మొదటిది వచ్చి, మిగతావాటికి ఎర్రర్ వస్తే ఎపర్చర్‌కి వెళ్లే ఫ్లెక్స్ కేబుల్ విరిగిందని గట్టిగా అనుమానించవచ్చు. జూమ్ లెన్స్ అయితే ఇంకో గుర్తు ఉంది. 18 ఎం.ఎం. దగ్గర పని చేసి, 35 దాటితే ఎర్రర్ వచ్చి, మళ్లీ వెనక్కి తిప్పితే బాగుంటుంది. కేబుల్ జూమ్‌తో పాటు వంగుతూ వంగుతూ ఒకచోట చీలుతుంది, అందుకే ఇలా. కెనాన్ 18-55 కిట్ లెన్సుల్లోనూ, 24-105 ఎఫ్4లోనూ ఇది బాగా తెలిసిన జబ్బు. కేబుల్ ఖరీదు తక్కువ, అది మార్చే చేతిపనికే డబ్బులు. 24-105కి ఈ రిపేరు నూటికి నూరుపాళ్లు చేయించదగ్గది. 18-55కి కాదు. ఎందుకో ధర లెక్క దగ్గర చెబుతాను.

నికాన్‌లో ఎపర్చర్ రేకుల మీద నూనె పడితే రేకులు ఆలస్యంగా మూసుకుంటాయి. ఎఫ్ 11 పెట్టినా ఫొటో తెల్లగా వెలిగిపోయినట్టు వస్తుంది. మీట జరిపి వదిలితే రేకులు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా వస్తుంటే ఇదే సంగతి. శుభ్రం చేస్తే పోతుంది.

ఫోకస్ మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ ఫోకస్ కాకపోతే లోపల పళ్ల చక్రం అరిగి ఉండొచ్చు. చప్పుడే లేకపోతే మోటారో, బోర్డో. పేరులో ఎస్‌టీఎం అని ఉండే కెనాన్ లెన్సుల్లో చేత్తో తిప్పే ఫోకస్ కూడా కరెంటు మీదే నడుస్తుంది. బోర్డు పోతే చేత్తో తిప్పినా ఏమీ కదలదు. పాత మోడళ్లలో అయితే ఆటోఫోకస్ చచ్చినా చేత్తో తిప్పి ఎన్నేళ్లయినా వాడుకోవచ్చు. ట్రైపాడ్ మీద ఇంట్లో వస్తువుల ఫొటోలు తీసేవారికి అది సరిపోతుంది. తేలినీలాపురంలో ఎగిరే పెలికాన్ వెంట పడేవారికి సరిపోదు.

ఫోకస్ పడుతోంది కానీ ప్రతిసారీ కన్ను బదులు చెవి మీద పడుతోందంటే రిపేరు అడిగే ముందు బాడీ మెనూలో ఫోకస్ సవరణ ఉందేమో చూడండి. పై స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల కదిలే అద్దం ఉన్న కెమెరాలలో) ఈ సౌకర్యం ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా కుదురుకునే లోపం ఇది.

వణుకు ఆపే స్టెబిలైజర్ పాడైతే వ్యూఫైండర్‌లో బొమ్మ గెంతుతుంది. స్విచ్ ఆఫ్ చేసి తీస్తే ఫొటో బాగుంటే ఆఫ్‌లోనే వాడుకోండి. ఆఫ్ చేసినా ఒక పక్క మసకగా వస్తే లోపలి అద్దం పక్కకి జరిగిపోయి ఇరుక్కుందని అర్థం.

జూమ్ బిగుసుకుపోవడానికి పెళ్లి ఫొటోగ్రాఫర్ల లెన్సుల్లో ఒక మామూలు కారణం పసుపు పొడి. తలంబ్రాల వేళ దగ్గరగా నిలబడి తీస్తాం కాబట్టి రింగుల సందుల్లోకి పోతుంది. శుభ్రం చేసి గ్రీజు పెడితే బాగుంటుంది. కిందికి వంచితే జూమ్ తనంతట తానే జారడం మాత్రం జబ్బు కాదు, వయసు.

మౌంట్ విరిగితే చూడ్డానికి ఘోరంగా ఉంటుంది కానీ అంత చెడ్డ వార్త కాదు. కిట్ లెన్సుల మౌంట్ ప్లాస్టిక్. పడినప్పుడు దెబ్బంతా అది తీసుకుని విరుగుతుంది, అద్దాలు బతికిపోతాయి. మౌంట్ విడిగా దొరుకుతుంది, మార్చడం తేలిక.

గోడ ముందు పరీక్ష

పడిన లెన్స్‌కి ఇది తప్పనిసరి. ఎదురుగా చదునుగా, గీతలు గీతలుగా ఉన్న గోడ కావాలి. విజయనగరం కోట రాతి గోడ దీనికి బంగారం. లేదంటే ఇటుక గోడ, ఇంట్లో అయితే గోడకి అతికించిన పేపర్ల వరస. గోడకి సూటిగా ట్రైపాడ్ పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫొటో తీయండి. కంప్యూటర్‌లో నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ ఒకేలా మసకగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒక్క మూలో, ఒక పక్కో మాత్రమే మసకగా ఉంటే అనుమానం. అప్పుడు కెమెరాని తలకిందులుగా పట్టుకుని మళ్లీ తీయండి. ఫ్రేములో మసక మళ్లీ అదే మూల ఉంటే లోపం లెన్స్‌లోది. మూల మారిపోతే మీరు గోడకి సూటిగా నిలబడలేదు.

లోపల అద్దం కేంద్రం తప్పిన లెన్స్‌ని సరిచేయడానికి మామూలు మెకానిక్ దగ్గర సరంజామా ఉండదు. ఖరీదైన లెన్స్ అయితే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పంపాలి. కిట్ లెన్స్ అయితే వదిలేయండి.

ఇప్పుడు ధర లెక్క

మీరు ఎంతకు కొన్నారన్నది ఇక్కడ అక్కర్లేదు. అది అయిపోయిన ఖర్చు. కావాల్సింది ఈ రోజు అదే మోడల్, అదే స్థితిలో సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు దొరుకుతోందన్నది. ఓఎల్ఎక్స్‌లో అడిగే ధర ఒకటి, అమ్ముడయ్యే ధర ఒకటి. నాలుగైదు ప్రకటనలు చూసి, తెలిసిన స్టూడియోవాళ్లని "ఈ లెన్స్ మీరైతే ఎంతకి తీసుకుంటారు" అని అడగండి. నిజమైన ధర ఆ జవాబుకి దగ్గరగా ఉంటుంది.

తర్వాత రిపేరు ఖర్చు. మెకానిక్ చెప్పిన అంకె ఒక్కటే కాదు. విశాఖ రానుపోను ఛార్జీలు లేదా కొరియర్, రిపేరు జరిగే రోజుల్లో పెళ్లి ఆర్డర్ ఉంటే అద్దెకు తెచ్చే లెన్స్, ఇవన్నీ కలపాలి. అనుకుందాం, మీ 70-300 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో 12,000 పలుకుతోంది. రిపేరు 3,000 అన్నారు. దారి ఖర్చులు, అద్దె కలిపి ఇంకో 1,000. మొత్తం 4,000, అంటే ధరలో మూడో వంతు. చేయించేయండి. మొత్తం సగం దాటితే, అంటే 6,000 పైకి పోతే, ఇంకొంచెం వేసుకుని వేరేది కొనడమే నయం. మూడో వంతుకీ సగానికీ మధ్యలో ఉంటే లెన్స్ చరిత్ర చూస్తాను. మీరే చాలాకాలంగా వాడుతూ, పడకుండా, తడవకుండా చూసుకున్న లెన్స్‌లో ఒక కేబుల్ పోతే రిపేరుకే నా ఓటు. ఎందుకంటే దాని బదులు కొనే సెకండ్ హ్యాండ్ లెన్స్ ఎక్కడెక్కడ పడి లేచిందో మీకు తెలియదు. అదే గట్టిగా పడిన లెన్స్ అయితే ఈ రోజు మోటారు, ఆర్నెల్లకి ఇంకోటి. దాని మీద డబ్బు పెట్టకండి.

కిట్ లెన్స్ చిక్కు ఇదే. 18-55 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో చాలా తక్కువకి దొరుకుతాయి. మెకానిక్ చేతిపని మాత్రం లెన్స్ చిన్నదని తగ్గదు, ఒక్కోసారి లోపలంతా ఇరుకు కాబట్టి పెరుగుతుంది. అందుకే మౌంట్ మార్పు తప్ప ఇంకే రిపేరుకీ కిట్ లెన్స్ తీసుకెళ్లకండి. 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లాంటి చవక లెన్సులకీ ఇదే వర్తిస్తుంది.

రిపేరు చేసేవారితో మాట్లాడేటప్పుడు

వెళ్లగానే అడిగే ప్రశ్న తెలిసిందే. "ఏటయింది బాబూ, పడిందా, నీళ్లు తగిలాయా?" ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నీళ్లు తగిలిన సంగతి దాచిపెడితే ఆయన మోటారు మారుస్తారు, నెల తిరక్కుండా బోర్డు తుప్పు పట్టి పోతుంది, డబ్బు మీదే. మీరు ఇంట్లో చేసిన పరీక్షల ఫలితం కూడా చెప్పండి. "ఎఫ్ 8 పెడితే ఎర్రర్ వస్తోందండి, తెరిచి ఉంచితే రావట్లేదు" అంటే ఆయనకి సగం పని తగ్గుతుంది, మీకు తెలుసని కూడా అర్థమవుతుంది.

మీరు అడగాల్సినవి: విప్పి చూడడానికే డబ్బు తీసుకుంటారా, వద్దనుకుంటే అలాగే తిరిగిస్తారా? వేసేది కొత్త భాగమా, ఇంకో చచ్చిన లెన్స్‌లోంచి తీసిందా? పాత లెన్సులకు తీసిన భాగమే దొరుకుతుంది, అందులో తప్పు లేదు, కానీ ధర ఆ మేరకు తగ్గాలి. మార్చిన పాత భాగం మీకు ఇమ్మనండి. జీఎస్టీ కలిపి ఎంతో చెప్పమనండి. ఇచ్చే ముందు లెన్స్ మీది సీరియల్ నంబర్, అద్దం ఫొటో తీసి ఉంచుకోండి. కంపెనీ సెంటర్‌కి పంపాలనుకుంటే ముందే ఫోన్ చేయండి. తయారీ ఆగి ఏళ్లు గడిచిన మోడళ్లకి భాగాలు ఉండవు, వాళ్లు తీసుకోరు.

ఇంట్లో విప్పి చూద్దామన్న ఆలోచన వద్దు. వీడియోలో తేలిగ్గానే కనిపిస్తుంది. జపాన్ లెన్సుల స్క్రూల గాడి మన మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా కూర్చోదు. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం డ్రైవర్ కావాలి, లేకపోతే స్క్రూ తల అరిగిపోయి మెకానిక్ కూడా తీయలేని స్థితికి వస్తుంది. మౌంట్ కింద వెంట్రుక మందం రేకులు ఉంటాయి. అవి తారుమారైతే ఫోకస్ మొత్తం తప్పుతుంది. ఎలాగూ పారేసే కిట్ లెన్స్ ఉంటే నేర్చుకోవడానికి విప్పండి, అది వేరే సంగతి.

వేరేదే కొనాలని తేలితే

అదే లెన్స్ మళ్లీ కొనే ముందు మీ బాడీ సంగతి ఆలోచించండి. ఏడాదిలో మిర్రర్‌లెస్‌కి మారే ఆలోచన ఉంటే డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్ మీద పెద్ద మొత్తం పెట్టడం అనవసరం. అయితే కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ మౌంట్ మిర్రర్‌లెస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, కాబట్టి మంచి ఈఎఫ్ లెన్స్ కొంటే వృథా పోదు. నికాన్‌వాళ్లు మాత్రం చూసుకోవాలి. పాత లెన్సుల్ని మిర్రర్‌లెస్ బాడీకి తగిలించే ఆ కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో మోటారు లేదు. అందుకని ఏఎఫ్-డి లెన్సులకి ఆటోఫోకస్ రాదు.

అమ్మేవారి దగ్గరికి మీ బాడీ, టార్చి తీసుకుని వెళ్లండి. పైన చెప్పిన పరీక్షలన్నీ అక్కడే చేయండి, గోడ పరీక్షతో సహా. మొహమాటపడకండి, నిజాయితీగా అమ్మేవారు అడ్డు చెప్పరు. స్క్రూల తలల మీద గీతలు ఉంటే లెన్స్ ఒకసారి విప్పినట్టే, ఎందుకు విప్పారో అడగండి. ఫోన్‌లో ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపడం అసలు వద్దు. పాడైన మీ పాత లెన్స్‌ని పారేయకండి. రిపేరువాళ్లు భాగాల కోసం కొంటారు, ఏం పోయిందో చెప్పి అమ్మండి. మూతలు, హుడ్ ఉంచుకోండి.

రిపేరు చేయించినా అంతే, కౌంటర్ దగ్గరే పరీక్షించి డబ్బులివ్వండి. జూమ్ మొత్తం తిప్పుతూ ప్రతి చోటా ఎఫ్ 8లో ఒక ఫొటో, దూరంగా ఉన్న బోర్డు మీద ఫోకస్, దగ్గరి వస్తువు మీద ఫోకస్, టార్చితో అద్దం మీద కొత్త వేలిముద్రలు ఉన్నాయేమో. మార్చిన భాగానికి ఎన్నాళ్ల గ్యారంటీనో బిల్లు మీద రాయించుకోండి. ఆ గడువు అయ్యేలోపు లెన్స్‌ని బీరువాలో పెట్టకుండా గట్టిగా వాడండి, ఎండలో, రాత్రి పూట, జనంలో. పని సరిగా జరగకపోతే ఆ రోజుల్లోనే బయటపడాలి.